ముఖం లాగినట్టు కనబడకూడదంటే: ఫేస్‌లిఫ్ట్, నెక్‌లిఫ్ట్‌కు సిద్ధమయ్యేవారికి

ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలని వచ్చేవారిలో చాలామంది కుర్చీలో కూర్చోగానే రెండు అరచేతులూ చెంపలకు ఆనించి, చర్మాన్ని చెవులవైపు లాగిపట్టి, "ఇంతమటుకు చేస్తే చాలండీ, డాక్టర్ గారూ" అంటారు. విశాఖపట్నంలో ప్లాస్టిక్ సర్జన్‌గా ఈ దృశ్యం నాకు కొత్త కాదు. అప్పుడు నేను ఎదురుగా ఉన్న అద్దం చూపించి, చేతులు తీయకుండా ఒకసారి నవ్వమంటాను. నవ్వగానే సంగతి బయటపడుతుంది. నోరు రెండు పక్కలకూ సాగుతుంది, చెంప మీద చెవివైపుగా గీతలు పడతాయి, మొత్తం మీద ఆ ముఖం రామకృష్ణా బీచ్‌లో ఎదురుగాలికి నిలబడ్డ మనిషి ముఖంలా తయారవుతుంది. చేత్తో లాగిన ఈ లాగుడునే కత్తితో, కుట్లతో చేస్తే ఆ ఎదురుగాలి ముఖమే మిగిలిపోతుంది.

సహజంగా కనబడే ఫలితం దాదాపు అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. జారిన ముఖాన్ని పైకి నిలబెట్టే బిగువు చర్మం మీద పడుతున్నదా, చర్మం కింది పొర మీద పడుతున్నదా అన్నదే ఆ విషయం. చీర కట్టుకునేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చీర బరువంతా లంగా బొందు మోస్తుంది. భుజం మీది పిన్ను పవిటను దాని చోట ఉంచుతుంది, అంతే. బొందు వదులుగా కట్టి, బరువంతా పిన్ను మీద వేస్తే మధ్యాహ్నానికల్లా పిన్ను దగ్గర బట్ట చిరుగుతుంది. ముఖంలోనూ పిన్ను పని చర్మానిది, బొందు పని లోపలి పొరది. ఆపరేషన్ చేయించుకోబోయేవారు తమ ముఖాన్ని ఎలా చూసుకోవాలో, సర్జన్ చెప్పే పేర్ల వెనుక అసలు జరిగేదేమిటో, ఏమేం అడగాలో, ముందూ తర్వాతా ఏం చేయాలో ఈ సంగతిని వదలకుండా రాస్తున్నాను.

అద్దం ముందు

సర్జన్‌ను కలవడానికి ముందు ఒక ఉదయం కిటికీకి ఎదురుగా, పక్కనుంచి కాక ముందునుంచి వెలుతురు పడేలా కూర్చొని, ఇంట్లోవారి చేత ఫొటోలు తీయించుకోండి. ఫోన్ కంటి ఎత్తులో, కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. సెల్ఫీ దూరంలో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, లేని లోపాలు కనబడతాయి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఏటవాలుగా, రెండు పక్కలా పూర్తిగా తిరిగి, తల కిందికి వంచి ఒకటి, పళ్లు బిగించి మెడ నరాలు బిగదీసి ఒకటి తీసుకుంటే చాలు. వీటితోపాటు మీ ముప్ఫై, ముప్ఫైఅయిదేళ్ల నాటి ఫొటోలు రెండు మూడు వెతికి పెట్టుకోండి. పెళ్లి ఆల్బమ్‌లో మేకప్ ఎక్కువగా ఉంటుంది కనుక, ఆ తర్వాతి రోజుల్లో ఇంట్లో తీసినవి మేలు. సినిమా నటి ఫొటో తెచ్చేవారికంటే తమ పాత ఫొటో తెచ్చేవారితో మాట్లాడటం నాకు సులువు. పాత ఫొటోలోని ముఖపు ఎముకలు, ఆ చెంపల గుండ్రదనం వారి సొంతమే కాబట్టి, చేరుకోవలసిన గమ్యం అక్కడే ఉంటుంది. కొందరికి నిండు చెంపలు చిన్నప్పటినుంచీ ఉన్నవే. అలాంటి ముఖానికి కోసు దవడ తెచ్చిపెడితే బంధువులు గుర్తుపట్టరు.

ఇప్పుడు మూడు వేళ్లను దవడ ఎముక దగ్గర కాక, చెంప ఎముకకు కాస్త కిందగా ఆనించి, చెవివైపు కాకుండా కణతవైపు, పైకి, నెమ్మదిగా ఎత్తి చూడండి. దవడ అంచున వేలాడే సంచి తగ్గుతుంది, నోటి మూల మాత్రం కదలదు. మంచి ఫేస్‌లిఫ్ట్ చేసేది దగ్గరదగ్గరగా ఇదే. ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగే గీత మెత్తబడుతుంది కాని పోదని కూడా ఇక్కడే తెలిసిపోతుంది. పై పెదవి మీది సన్నటి నిలువు గీతలు, మంగు మచ్చలు, కళ్ల కింది నలుపు ఈ ఆపరేషన్‌తో పోవు; వాటికి వేరే చికిత్సలున్నాయి. ఈ తేడా ముందే గ్రహించినవారికి తర్వాత నిరాశ ఉండదు.

చర్మం కింద

చెంపను పైనుంచి లోపలికి చూస్తే మొదట చర్మం, దాని కింద కొవ్వు పొర, ఆ కింద సన్నగా, గట్టిగా ఉండే మరో పొర వస్తాయి. ఈ మూడో పొరనే సర్జన్లు స్మాస్ అంటారు. చెంపలో ఇది పొరలా ఉండి, మెడలోకి దిగేసరికి ప్లాటిస్మా అనే పలచటి కండరంగా మారుతుంది. రెండూ ఒకే దుప్పటికి రెండు కొసలు. స్మాస్ కింద కొన్నిచోట్ల ఖాళీలు, కొన్నిచోట్ల ఎముకనుంచో లోపలి పొరనుంచో బయలుదేరి చర్మాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు ఉంటాయి. బొంతకు వేసిన కుట్లలాంటివి ఈ లిగమెంట్లు. వయసు పెరిగేకొద్దీ కుట్టుకూ కుట్టుకూ మధ్య ఉన్న సరుకు జారుతుంది. కుట్టు ఉన్నచోట గుంట, లేనిచోట ఉబ్బు ఏర్పడతాయి. గడ్డానికి కాస్త పక్కగా, దవడ అంచు మీద కనబడే చిన్న సొట్ట అలాంటి కుట్టే; దానికి వెనుక వేలాడేదే దవడ సంచి. పైగా కొన్నిచోట్ల కొవ్వు తగ్గుతుంది, దవడ ఎముక, చెంప ఎముక కూడా కొంత అరుగుతాయి. కాబట్టి ముఖం కేవలం జారదు, కొంత ఖాళీ కూడా అవుతుంది.

ఇదంతా తెలియడానికి చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో యూరప్ సర్జన్లు చెవి ముందు చర్మాన్ని ముక్కగా కోసి, మిగిలినదాన్ని లాగి కుట్టడంతో ఈ ఆపరేషన్ మొదలైంది. 1974లో స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ చర్మాన్నీ దాని కింది పొరనూ విడదీయకుండా కలిపి ఎత్తవచ్చని చూపించాడు. 1976లో ఫ్రాన్స్‌కు చెందిన మిట్జ్, పెరోనీ ఆ పొరను శవాలను కోసి పరిశీలించి, వివరించి దానికి స్మాస్ అని పేరు పెట్టారు. 1989లో ఫర్నాస్ అనే సర్జన్ చెంప లిగమెంట్లను వర్ణించాడు. మరుసటి ఏడే అమెరికా సర్జన్ శామ్ హామ్రా స్మాస్ కిందికి దిగి చేసే డీప్ ప్లేన్ పద్ధతిని ప్రచురించాడు. చర్మం ఒక్కటే లాగినప్పుడు అది కొన్ని నెలల్లో మళ్లీ సాగిపోవడానికీ, కుట్టు మచ్చ వెడల్పు కావడానికీ, చెవితమ్మె కిందికి జారడానికీ ఒకటే కారణమని ఈ వరస చదివితే అర్థమవుతుంది: మోయలేని దాని మీద బరువు వేశారు.

పద్ధతుల పేర్లు

సంప్రదింపులో మీరు వినే పేర్లు ఎన్ని ఉన్నా, స్మాస్‌ను ఏం చేస్తున్నారన్న ఒక్క ప్రశ్నతో వాటిని వేరుచేయవచ్చు.

స్మాస్‌ను కోయకుండా మడతపెట్టి కుట్టడం ప్లైకేషన్. వదులైన జాకెట్టుకు లోపల మడత వేసి కుట్టినట్టే ఇది. నరాలకు దూరంగా పని జరుగుతుంది, సమయం తక్కువ పడుతుంది; ముఖం సన్నగా ఉండి, జారుడు మధ్యస్థంగా ఉన్నవారికి బాగానే సరిపోతుంది. బెల్జియం సర్జన్లు టొనార్డ్, వెర్పాలె ప్రచారంలోకి తెచ్చిన మాక్స్ లిఫ్ట్ కూడా ఈ కుటుంబానిదే. అందులో చెవి ముందు పొట్టి కోతలోంచి, సంచి మూతికి తాడు బిగించినట్టుగా వలయపు కుట్లు వేసి, కణత దగ్గరి గట్టి పొరకు నిలువుగా వేలాడదీస్తారు. అయితే మెడ బాగా జారినవారికి ఈ పొట్టి కోత చాలదు. చాలని చోట దాన్నే చేస్తే చెవితమ్మె కింద చర్మం కుచ్చుల్లా ముడతపడుతుంది.

చెవి ముందుండే లాలాజల గ్రంథి ముందు అంచు మీదుగా స్మాస్‌ను ఏటవాలు పట్టీలా కోసి తీసేసి, మిగిలిన అంచులను కలిపి కుట్టడం స్మాసెక్టమీ. నిండు చెంపల వారికి దీనివల్ల కాస్త సన్నదనం కూడా వస్తుంది. ఇప్పటికే చెంపలు లోతుకు పోయినవారికి ఇదే సరిపడని పద్ధతి అవుతుంది.

చర్మాన్ని ఒక పొరగా, స్మాస్‌ను మరో పొరగా వేరువేరుగా లేపడం మూడో దారి. ఇందులోని గొప్ప సౌకర్యం దిశలు వేరుగా పెట్టుకోగలగడం. స్మాస్ నిలువుగా కణతవైపు వెళుతుంది. చర్మం ఏటవాలుగా, కేవలం మిగులు ఎంత ఉంటే అంతే కత్తిరించబడుతుంది. శ్రమ ఎక్కువ, పలచటి స్మాస్ చినిగే ప్రమాదమూ ఉంది.

డీప్ ప్లేన్‌లో చెవి ముందు కొంతదూరమే చర్మాన్ని వేరుచేసి, కంటి బయటి మూలనుంచి దవడ కోణానికి గీసుకున్న ఒక ఊహారేఖ దగ్గర స్మాస్ కిందికి దిగుతారు. అక్కడినుంచి చర్మం, కొవ్వు, స్మాస్ మూడూ ఒకే మందపాటి పొరగా లేస్తాయి. చెంప ఎముక దగ్గరి లిగమెంట్లను, నమిలే కండరం మీది లిగమెంట్లను విడిపించాక ఆ పొర మొత్తం చేతికి తేలిగ్గా కదులుతుంది. కుట్టు విప్పని బొంతను లాగితే ఎంత కదులుతుందో, విప్పాక ఎంత కదులుతుందో అంత తేడా. పొర మందంగా ఉండటంవల్ల రక్తప్రసరణ బాగుంటుంది, చర్మం మీద బిగువు దాదాపు పడదు. కాని ముఖ కండరాలను కదిలించే నరపు కొమ్మలు ఈ స్థాయికి కిందనే పరుగెడుతుంటాయి కాబట్టి, ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని.

అయితే ఏది మేలు? రెండు జతల ఏకరూప కవలలకు నలుగురు పేరున్న అమెరికా సర్జన్లు తలా ఒకరికి తమ తమ పద్ధతిలో ఆపరేషన్ చేసి, పదేళ్ల తర్వాతి ఫలితాలను 2009లో ప్రచురించారు. ఫలానా పద్ధతే గెలిచిందని తేల్చి చెప్పగలిగేటంత తేడా అందులో కనబడలేదు. ఇప్పుడు డీప్ ప్లేన్ అన్న మాటను ప్రకటనల్లో మంత్రంలా వాడుతున్నారు. నా మటుకు నేను బరువైన చెంపలకు, మందపాటి చర్మానికి దాన్నే ఎంచుకుంటాను. కాని బిగువును లోపలి పొర మీద వేయడం వచ్చిన సర్జన్ ప్లైకేషన్‌తో చేసినదానికీ, ఆ మెళకువ రానివారు డీప్ ప్లేన్ పేరుతో చేసినదానికీ పోలిక పెడితే, నేను మొదటిదాన్నే మెచ్చుకుంటాను.

ఖాళీ అయిన చోట్ల మీ పొట్టనుంచో తొడనుంచో తీసిన కొవ్వును సన్నటి సూదితో కొద్దికొద్దిగా నింపడం ఇప్పుడు చాలాసార్లు ఇదే బల్ల మీద జరుగుతుంది. నింపినదానిలో కొంత శరీరం పీల్చేసుకుంటుంది, కాబట్టి మొదటి నెల చూసి తీర్పు చెప్పకూడదు. దారాలతో చేసే థ్రెడ్ లిఫ్ట్ గురించి ఒక్క మాట: దాని ఎత్తుడు కొన్ని నెలల ముచ్చట, ఆపరేషన్‌కు బదులు కాదు.

మెడ

ముఖం ఎంత బాగా చేసినా మెడ వదిలేస్తే వయసు అక్కడే పట్టుబడుతుంది. పక్కనుంచి చూసినప్పుడు గడ్డం కిందికీ మెడకూ మధ్య కోణం 105 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే పడుచు మెడగా కనబడుతుందని ఎలెన్‌బోగెన్, కార్లిన్ 1980లో రాసిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ కోణం ఎందుకు చెదిరిందో కనిపెట్టడమే సగం పని. చర్మానికీ ప్లాటిస్మాకూ మధ్య కొవ్వు ఉందా, ప్లాటిస్మాకు లోపల ఉందా, కండరపు అంచులు విడిపోయి రెండు తీగల్లా ముందుకు వచ్చాయా, దవడ కింది లాలాజల గ్రంథి జారి ఉబ్బుగా కనబడుతున్నదా, లేక పుట్టుకతోనే గొంతు దగ్గరి హయాయిడ్ ఎముక కిందికి ఉందా అన్నవి విడివిడిగా చూడాలి. ఇందుకే సర్జన్ మిమ్మల్ని గుటక వేయమంటారు, పళ్లు బిగించమంటారు, గడ్డం కింద చిటికెతో పట్టి చూస్తారు. పళ్లు బిగించినప్పుడు చిటికెలోని కొవ్వు జారిపోతే అది కండరానికి లోపలిది. చేతిలోనే ఉండిపోతే పైది.

పై కొవ్వు మాత్రమే ఉండి, చర్మంలో సాగుదల మిగిలి ఉన్న నలభై లోపువారికి కొవ్వును సన్నటి గొట్టంతో పీల్చి తీసే లైపోసక్షన్ ఒక్కటే చాలవచ్చు. తీగలు కనబడేవారికి గడ్డం కింద అంగుళంపైన కోత పెట్టి, ప్లాటిస్మా రెండు అంచులనూ మధ్యలో కలిపి కుడతారు. 1990లో ఫెల్డ్‌మన్ వివరించిన కార్సెట్ పద్ధతిలో ఈ కుట్టు గడ్డంనుంచి కిందిదాకా వరసగా సాగుతుంది. పక్కన చెవి వెనుక ఎముక మీది గట్టి పొరకు కండరపు వెనుక అంచును బిగిస్తారు. ఈ రెండు వైపుల లాగుళ్లలో దేన్ని ఎంత ఉంచాలన్నది సర్జన్ లెక్క.

మెడలో జరిగే అతి పెద్ద తప్పు తక్కువ తీయడం కాదు, ఎక్కువ తీయడం. మధ్యలోని కొవ్వంతా గీకేసి, కండరాన్ని కలపకుండా వదిలేస్తే గడ్డం కింద గుంట పడి, రెండు పక్కలా అంచులు లేచి, పడగ విప్పిన పాములా కనబడుతుంది. దీన్ని సర్జన్లు కోబ్రా నెక్ అనే అంటారు. మరో ఊళ్లో లైపోసక్షన్ చేయించుకొని ఈ గుంటతో నా దగ్గరికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఎండాకాలంలోనూ చీర కొంగును మెడ చుట్టూ చుట్టుకొని వచ్చేవారు. పోయిన కొవ్వును తిరిగి నింపి, కండరాన్ని కలపడానికి మొదటి ఆపరేషన్‌కు రెట్టింపు సమయం పట్టింది.

కోత ఎక్కడ

బిగువు లోపల ఉంటే కోత ఎక్కడైనా దాగుతుంది. లేకపోతే ఎక్కడా దాగదు. అయినా మన అలవాట్లకు తగినట్టుగా కోతను గీయించుకోవడం మీ హక్కు. తలకు నూనె రాసి, వెనక్కి బిగించి దువ్వి జడ వేసుకునేవారి చెవి వెనుకభాగం ఎప్పుడూ బయటే ఉంటుంది. అక్కడ వెంట్రుకల అంచును సరిగా కలపకపోతే మెట్టులా తేడా కనబడుతుంది. కణత దగ్గర కోత వెంట్రుకల్లోకి పెట్టి చర్మాన్ని ఎక్కువగా పైకి జరిపితే చెవి ముందు వెంట్రుకలు పైకి పోయి, అక్కడ బోడిగా మిగులుతుంది. జరపవలసింది ఎక్కువైతే కోత వెంట్రుకల అంచు వెంబడి రావాలి. తిరుమలలోనో సింహాచలంలోనో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పండి. వెంట్రుకల్లో దాచిన గీత గుండు చేయించుకున్ననాడు బయటపడుతుంది కనుక, మొక్కు ముందు తీర్చుకొని, జుట్టు కొంత పెరిగాక ఆపరేషన్‌కు రావడం మంచిది.

ఆడవారికి కోతను చెవి రంధ్రం ముందుండే చిన్న మృదులాస్థి వెనుకగా తిప్పితే గీత బాగా దాగుతుంది. అయితే దాని మీద చర్మం బిగిస్తే అది ముందుకు లాగబడి, చెవి రంధ్రం తెరుచుకున్నట్టు కనబడుతుంది. మగవారికి మాత్రం ఆ కోత ముందునుంచే పోవాలి. లేదంటే గడ్డపు వెంట్రుకలు చెవి మీదికి ఎక్కి, జీవితాంతం చెవిని క్షవరం చేసుకోవలసి వస్తుంది.

చెవితమ్మె దగ్గర కాస్త ఆగుదాం. ఆపరేషన్ జరిగిందని ఎదుటివారు పసిగట్టేది ఎక్కువసార్లు ఇక్కడే. చర్మాన్ని బిగించి చెవితమ్మెకు కుట్టేస్తే, నెలలు గడిచేకొద్దీ అది తమ్మెను కిందికి లాగి చెంపకు అతికిస్తుంది. గుండ్రటి తమ్మె పోయి, మొనదేలిన తోలుముక్కలా తయారవుతుంది. చర్మాన్ని తమ్మె కింద కాస్త వదులుగా, పైకి నెట్టినట్టు అమర్చాలి. మనవారిలో ఏళ్లతరబడి బుట్టలు పెట్టుకొని తమ్మెకు కుట్టించిన రంధ్రం గీతలా సాగినవారు చాలామంది ఉంటారు కనుక, దాన్ని కూడా అదే రోజు సరిచేయవచ్చేమో అడగండి. తెగిన చెవితమ్మెలను అతికించే పదిహేను పద్ధతులను సుశ్రుతుడు చెప్పిన దేశం మనది. ఆ చిన్న మరమ్మతు కోసం వేరే రోజు బల్ల ఎక్కనక్కరలేదు.

ఎవరి చేత, ఎక్కడ

ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ చేసినవారిని ఎంచుకోండి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉన్న ఊరు ఇది. ఇక్కడ అర్హులకు కొరత లేదు. నమోదు సంఖ్య అడిగి, రాష్ట్ర వైద్య మండలిలో సరిచూసుకోవడం అమర్యాద కాదు. ఆపరేషన్ జరిగే చోట మత్తు వైద్యుడు మొదటినుంచి చివరిదాకా ఉండాలి, రాత్రి ఉండటానికి గది, డ్యూటీ డాక్టర్ ఉండాలి. బ్యూటీ పార్లర్ పై అంతస్తులో ఇది జరగకూడదు.

అడగవలసినవి అడగండి: స్మాస్‌ను ఏం చేస్తారు, నా మెడలో సమస్య ఏ పొరలో ఉంది, కోత ఎక్కడినుంచి ఎక్కడికి, రాత్రి రక్తం చేరితే ఎవరు వస్తారు. ఏడాది దాటాక తీసిన ఫొటోలు, అందులోనూ జుట్టు వెనక్కి కట్టి పక్కనుంచి తీసినవి చూపించమనండి. మూడో వారం ఫొటోలో వాపువల్ల అందరూ నున్నగానే ఉంటారు. అందం కోసం చేసే ఆపరేషన్‌కు మామూలు ఆరోగ్య బీమా డబ్బు ఇవ్వదు, జీఎస్టీ మినహాయింపూ లేదు. అంచనా కాగితంలో ఇవి కలిపి రాయించుకోండి.

ముందు నెల

పొగ మానడం అన్నిటికంటే ముఖ్యం. ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నవారిలో పొగతాగేవారికి చర్మం నల్లబడి ఊడే ప్రమాదం పన్నెండు రెట్లు ఎక్కువని రీస్ బృందం 1984లో ప్రచురించింది. కనీసం నాలుగు వారాల ముందునుంచి, నాలుగు వారాల తర్వాతి వరకు నికొటిన్ ఏ రూపంలోనూ వద్దు. సిగరెట్ ఒక్కటే కాదు, ఖైనీ, గుట్కా, నికొటిన్ చూయింగ్ గమ్ అన్నీ లెక్కలోకి వస్తాయి. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవారిలో ఇప్పటికీ ఉన్న అడ్డపొగ అలవాటును, అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని తాగడాన్ని, చాలామంది పొగతాగడంగా భావించరు. డాక్టర్ అడిగితే లేదంటారు. దయచేసి చెప్పండి. ఇక్కడ దాచినది వారంలో చర్మం మీద కనబడుతుంది.

రక్తాన్ని పలచబరిచే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి గుండె డాక్టర్‌తో మాట్లాడాకే ఆపాలి, సొంతంగా ఆపకూడదు. విటమిన్ ఈ, చేపనూనె, వెల్లుల్లి మాత్రలు, పేరు తెలియని చూర్ణాలు రెండు వారాల ముందే మానేయండి. చక్కెర, రక్తపోటు అదుపులో లేకుండా తేదీ తీసుకోవద్దు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతున్నవారు ఆ సంగతి మత్తు వైద్యునికి తప్పక చెప్పాలి. బరువు తగ్గడం ఆగి, కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే ఆపరేషన్‌కు రావాలి, లేకపోతే బిగించిన ముఖం మళ్లీ వదులవుతుంది.

ఇంట్లో పెళ్లి ఉంటే ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందు చేయించుకోండి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ ఉక్కపోతలో చెవుల చుట్టూ పట్టీ కట్టుకొని ఉండటం నరకమే. నవంబరునుంచి ఫిబ్రవరి దాకా హాయి.

ఆ రాత్రి, ఆ తర్వాత

ముఖం, మెడ కలిపితే ఆపరేషన్‌కు మూడునుంచి అయిదు గంటలు, లోతుగా చేస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. ముందుగా అడ్రినలిన్ కలిపిన మందు నీటిని చర్మం కిందికి ఎక్కించడంవల్ల రక్తస్రావం తగ్గుతుంది. చివరి కుట్లు వేసేటప్పుడు చర్మం అంచులు లాగకుండానే ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. లాగితేనే కలిసేటట్టుంటే అప్పటికే ఎక్కువ కత్తిరించినట్టు లెక్క.

మొదటి ఇరవైనాలుగు గంటల్లో భయపడవలసింది చర్మం కింద రక్తం చేరడం. మగవారిలో, రక్తపోటు ఉన్నవారిలో ఇది ఎక్కువ. రెండు పక్కలా సమానంగా ఉండే వాపు మామూలే. ఒక్క పక్కనే నొప్పి, బిగువు పెరుగుతూ, చర్మం నీలంగా మారుతుంటే, గొంతు నొక్కినట్టుంటే తెల్లవారేదాకా ఆగకుండా నర్సును పిలవాలి. తల ముప్ఫై డిగ్రీలు ఎత్తులో ఉండేలా పడుకోవాలి; రెండు తలగడలు మడిచి మెడ వంచి పడుకుంటే ప్రయోజనం పోతుంది. దగ్గు, వాంతి, మలబద్ధకం, ఇంటికొచ్చిన చుట్టాలతో గంటల కబుర్లు అన్నీ రక్తపోటు పెంచేవే.

చెవి ముందు కుట్లు అయిదునుంచి ఏడు రోజులకు, చెవి వెనుకవి పది, పద్నాలుగు రోజులకు తీస్తారు. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, వేపాకు నూరినది ఏదీ పెట్టవద్దు. చెవితమ్మె, చెంప కొన్ని నెలలు మొద్దుబారి ఉంటాయి. మెడ పక్కగా పోయే నరం దెబ్బతింటే ఆ మొద్దుబారడం అలాగే ఉండిపోవచ్చు. ముఖం ఒక పక్క కదలిక తగ్గితే చాలావరకు వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. శాశ్వతంగా మిగలడం అరుదు. అయినా సంతకం పెట్టేముందు ఈ మాట చెవిన పడి తీరాలి.

రెండు వారాలకు బయటికి వెళ్లేటట్టు అవుతారు. కింద కూర్చొని ముగ్గు వేయడం, సాష్టాంగపడటం, బరువులెత్తడం నాలుగు వారాలు ఆపండి. సింహాచలం గిరిప్రదక్షిణ ముప్ఫై రెండు కిలోమీటర్ల నడక ఆ ఏడాదికి మానుకుంటే స్వామి ఏమీ అనుకోడు. బండి నడిపేవారికి హెల్మెట్ సరిగ్గా చెవి వెనుక కుట్టునే నొక్కుతుంది. నెల రోజులు ఆటోలో వెళ్లడం మేలు. బరువు కమ్మలు, జుట్టుకు రంగు, సముద్రస్నానం ఆరు వారాల తర్వాతే. మన ఛాయ చర్మంలో మచ్చ నల్లబడటం, ఉబ్బడం ఎక్కువ కనుక, కనీసం ముప్ఫై ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్ రోజూ రాసుకోవాలి, గాయం మానాక సర్జన్ చెప్పినన్నాళ్లు సిలికాన్ జెల్ పట్టించాలి. ఎక్కడైనా కెలాయిడ్, అంటే గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగే మచ్చ, వచ్చిన చరిత్ర ఉంటే దాన్ని మొదటి సంప్రదింపులోనే చూపించి ఉండాలి.

ఆరో వారంలో అద్దం చూసి చాలామంది ఒక పక్క ఇంకా ఉబ్బుగా ఉందని ఫోన్ చేస్తారు. పడుకునే వైపు వాపు ఆలస్యంగా తగ్గుతుంది, ముఖానికి రెండు పక్కలూ ఆపరేషన్‌కు ముందూ ఒకటిగా లేవు. మచ్చ గులాబీ రంగునుంచి చర్మపు రంగుకు రావడానికి ఆరు నెలలనుంచి ఏడాది పడుతుంది. అప్పుడు మళ్లీ అదే కిటికీ ఎదుట, అదే దూరంలో, జుట్టు వెనక్కి కట్టుకొని ఫొటోలు తీయించుకోండి. మొదట తీసుకున్నవాటి పక్కన పెట్టి ముందు చెవితమ్మె చూడండి, ఆ తర్వాత నోటి మూల, చివరికి దవడ అంచు.